సగ్గుబియ్యంలో బలం ఎంత?

పోయిన నెల ఒక మధ్యాహ్నం, వంటింటి గట్టు తుడుచుకుని అప్పుడే కూర్చున్నాను. బెంగుళూరు నుంచి మా అమ్మాయి ఫోన్. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. పక్కగదిలో అత్తగారు ఉన్నప్పుడు మాట్లాడే గొంతు అది, పెళ్ళయిన ఆడవాళ్ళందరికీ తెలిసినదే.

"అమ్మా, పాపకి సగ్గుబియ్యం జావ పెట్టొచ్చా?"

పాపకి ఎనిమిదో నెల నడుస్తోంది. మనవరాలిని చూసుకోవడానికి మా వియ్యపురాలు కరీంనగర్ నుంచి వచ్చి నెలన్నర అయింది. ఆవిడ మంచి మనిషి, పని తెలిసిన మనిషి. వచ్చిన వారం నుంచే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సగ్గుబియ్యం జావ కాచి, కాస్త పంచదార వేసి పాపకి తాగిస్తున్నారు. పాప చప్పరించుకుంటూ తాగుతోంది, తాగి హాయిగా నిద్రపోతోంది. ఇంట్లో అందరూ సంతోషంగానే ఉన్నారు. కానీ డాక్టరమ్మకి చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు తూస్తే, నెల క్రితం ఎంత బరువు ఉందో ఇంచుమించు అంతే ఉంది. ఏం పెడుతున్నారని అడిగి, "ఆ జావ మానేసి పప్పన్నం పెట్టండి" అని ఒక్క ముక్కలో చెప్పి పంపించేసిందట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పేసరికి అత్తగారి మనసు నొచ్చుకుంది. "మా పిలగాండ్లు ముగ్గురు గదే తాగి పెరిగిన్రు గదా" అని, ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదట.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 27 ఏళ్ళ క్రితం అదే జావ, అదే పంచదార, అలాగే రోజుకి రెండుసార్లు నేనూ తాగించాను. ఫోన్ చేసిన ఈ అమ్మాయికే.

మాది పెద్దాపురం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల, సామర్లకోట దాకా, సగ్గుబియ్యం మిల్లులు ఉన్నాయి. మెట్ట పొలాల్లో కర్రపెండలం వేస్తారు. దుంపలు తవ్వే రోజులొస్తే ట్రాక్టర్ల మీద మట్టి దుంపలు వెళ్తూనే ఉండేవి. బడి నుంచి వచ్చేటప్పుడు మిల్లు గోడ పక్కన పులిసిన వాసన గుప్పున కొట్టేది, ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళం. గోడ అవతల మాత్రం సిమెంటు కళ్ళాల మీద తెల్లటి ముత్యాలు ఆరబోసి ఉండేవి. అంత అందంగా ఉన్న వస్తువులో బలం లేదంటే నమ్మడం ఎలా? మా ఊళ్ళో జ్వరం వచ్చినా సగ్గుబియ్యం జావే, బాలింతకీ జావే, పళ్ళు రాని పిల్లకీ పళ్ళు ఊడిన ముసలమ్మకీ జావే. మా అమ్మ నాకు చెప్పింది, నేను చేశాను.

చెంచాడు సగ్గుబియ్యం గ్లాసుడు నీళ్ళలో వేసి కాస్తే చూస్తుండగానే చిక్కబడుతుంది. చెంచాతో తీస్తే జారదు. అంత చిక్కగా ఉన్నది కడుపులో పడితే బిడ్డ గట్టిపడదా అనుకున్నాను. నాకు పాలు తగ్గిపోయిన రోజులు అవి. పిల్ల ఏడవకుండా పడుకుంటే చాలు, కడుపు నిండినట్టే లెక్క. రెండు నెలలు గడిచేసరికి పిల్ల చేతులు సన్నబడ్డాయి. అందరూ "పొడుగెదుగుతోంది, అందుకే" అన్నారు. నేనూ అదే అన్నాను.

మా పక్క వాటాలో ఒక అంగన్‌వాడీ టీచర్‌గారు అద్దెకుండేవారు. ఒక రోజు నేను జావ కాస్తుంటే వచ్చి కూర్చున్నారు. ఏమీ అనలేదు. కాసేపటికి, "అమ్మాయీ, ఇందులో ఎంత సగ్గుబియ్యం వేశావో అంతే తీసి ఈ కాగితం మీద పోయి" అన్నారు. పోశాను. ఒక చిన్న చెంచాడు. "నీ కూతురు ఈ పూట తిన్నది ఇదీ. తక్కినదంతా నీళ్ళే" అన్నారు. అంతే. తిట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ కాగితం మీద పోసిన కాసిని పూసలు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉన్నాయి.

ఇక్కడ మనల్ని మోసం చేసేది ఆ చిక్కదనమే. గంజి పిండి ఏదైనా వేడికి ఉబ్బి, తనకన్నా ఎన్నో రెట్లు నీళ్ళు పట్టుకుంటుంది. సగ్గుబియ్యం ఈ పనిలో ఘనాపాటి. పాప పొట్ట ఎంతని? గుప్పెడంత. అది కాస్తా నీళ్ళ చిక్కదనంతో నిండిపోతే ఇక పప్పన్నానికి చోటెక్కడ? పాలకి మాత్రం చోటెక్కడ? నిద్రపోయింది కదా అని మనం మురిసిపోతాం.

సగ్గుబియ్యం ఎలా తయారవుతుందో చూసినవాళ్ళకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. దుంపలు కడిగి, తొక్క తీసి, నీళ్ళు పోస్తూ మెత్తగా తురిమేస్తారు. ఆ గుజ్జుని వడకడితే పాలలాంటి నీళ్ళు దిగుతాయి, పిప్పి పైన మిగులుతుంది. ఆ పిప్పి ఎండబెట్టి పశువుల దాణాకి పంపిస్తారు. అంటే పీచు అక్కడ పోయింది. పాలనీళ్ళు తొట్టెల్లో వదిలేస్తే తెల్లటి పిండి అడుగున పేరుతుంది, పై నీళ్ళు వదిలేస్తారు. నీళ్ళలో కరిగేవి, దుంపలో ఉన్న కాస్త సి విటమిన్‌తో సహా, ఆ నీళ్ళతోనే పోతాయి. మా చిన్నప్పటి ఆ పులిసిన వాసన ఈ నీళ్ళదే. అడుగున మిగిలిన పిండిముద్దని చిదిపి, గుడ్డ ఊయలలో వేసి ఊపుతూ ఉంటే పూసలు పూసలుగా చుట్టుకుంటుంది. వాటిని వేడి పెనాల మీద వేపితే మామూలు సగ్గుబియ్యం, ఆవిరి పట్టిస్తే నైలాన్ సగ్గుబియ్యం. తరవాత ఎండబెట్టడం. చివరికి మిగిలింది శుద్ధమైన గంజి పిండి. బట్టలకి పెట్టే గంజికీ దీనికీ పెద్ద దూరం లేదు, కోపం తెచ్చుకోకండి.

లెక్కలు చూద్దాం. ఎండు సగ్గుబియ్యం 100 గ్రాములకి సుమారు 350 కేలరీలు ఉంటాయి. బియ్యానికీ ఇంచుమించు అంతే. కానీ మాంసకృత్తులు? బియ్యంలో 7 గ్రాముల పైచిలుకు ఉంటే సగ్గుబియ్యంలో 0.2 గ్రాములు. తప్పు చదవలేదు, సున్నా పాయింటు రెండే. పెసరపప్పులో 24 గ్రాములు, వేరుశనగ గింజల్లో 25 దాకా ఉంటాయి. ఎముకలకి కావలసిన కాల్షియం రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటే సగ్గుబియ్యంలో 20కి మించదు. ఏడాదిలోపు పాపకి, ఆరు నెలలు దాటాక, రోజుకి సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు పూటలా జావ తాగిస్తే అందులో నుంచి వచ్చేది లెక్కలోకి కూడా రాదు. పాలే మొత్తం మోయాలి. ఆ పాలు కూడా తగ్గిన ఇంట్లో ఏమవుతుందో నేను చూశాను.

అలాగని సగ్గుబియ్యం డబ్బా తీసి బయట పారేయమని నేను అనడం లేదు. ఫోన్లలో తిరిగే వీడియోల్లో అదో విషం అన్నట్టు, ప్లాస్టిక్ అన్నట్టు చెబుతున్నారు. అవి చూసి మా వీధిలో ఒకావిడ పాయసం మానేసింది. ఆ భయాలు నాకు లేవు. నా మాట ఒక్కటే: సగ్గుబియ్యం ఒంటరిగా తినే వస్తువు కాదు, తోడు కావాలి. తోడు లేకుండా పసిపిల్లకో, లేవలేని ముసలివాళ్ళకో, షుగర్ ఉన్న మనిషికో పెట్టినప్పుడే చిక్కు.

ఈ సంగతి కేరళ వాళ్ళకి బాగా తెలుసు. కర్రపెండలం మన దేశపు పంట కాదు. దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. ట్రావన్‌కోర్‌ని 1880 నుంచి 1885 వరకు ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు, ప్రజలకి కరువులో ఆదుకుంటుందని దీని సాగుని బాగా ప్రోత్సహించారు. తరవాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942లో బర్మా జపాన్ చేతిలో పడేసరికి అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. ఆ రోజుల్లో ట్రావన్‌కోర్ పేదల కడుపు నింపింది ఈ దుంపే. వాళ్ళు దాన్ని కప్ప అంటారు. (మా ఆయన కొలీగ్ ఒకాయన మొదటిసారి "మా ఇంట్లో కప్ప, చేపల కూర" అన్నప్పుడు నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.) ఆ కప్ప పక్కన ఎప్పుడూ చింతపండులాంటి పులుపు వేసి వండిన ఎర్రటి చేపల పులుసు ఉంటుంది. దుంప కడుపు నింపుతుంది, చేప ఒంటికి పడుతుంది. ఏ పుస్తకం చదివి కలిపారు ఆ రెండూ?

మరాఠీ వాళ్ళ కిచిడీ కూడా అంతే. ఉపవాసం రోజు చేసే ఆ సగ్గుబియ్యం కిచిడీలో వేయించిన వేరుశనగ పొడి దండిగా పడుతుంది. మన తెలంగాణ వైపు సాబుదాన కిచిడీలోనూ పడుతుంది. ఆ పొడి పూసలు అంటుకోకుండా చేస్తుందని వేస్తాం, నిజమే, కానీ ఆ వంటలో ఉన్న మాంసకృత్తులన్నీ ఆ పొడివే. మన పాయసంలో పాలు పోస్తాం. సగ్గుబియ్యం పునుగుల్లో పుల్ల పెరుగు వేస్తాం. పాత వంటలన్నీ తోడు పెట్టే చేశారు. జావ దగ్గరే ఎందుకో నీళ్ళూ పంచదారతో సరిపెట్టేశాం.

ఇప్పుడు మా అత్తయ్యగారి కథ. ఆవిడకి 78 ఏళ్ళు, 20 ఏళ్ళుగా షుగర్. ఏకాదశి వదలరు. "అన్నం ముట్టుకోవడం లేదు కదే, షుగర్ ఎందుకు పెరుగుతుంది?" అని పెద్ద గిన్నెడు సగ్గుబియ్యం ఉప్మా తినేవారు, బంగాళాదుంప ముక్కలు కూడా వేయించుకుని. దుంప మీద దుంప అన్నమాట. పోయిన తొలి ఏకాదశికి మధ్యాహ్నం కళ్ళు తిరుగుతున్నాయంటే ఉపవాసం వల్ల నీరసమేమో అనుకున్నాం. మా అబ్బాయి మిషన్ తెచ్చి చూస్తే 296. ఆవిడ నమ్మలేదు, మిషన్ పాడైందన్నారు. నా వేలు గుచ్చి చూపించాల్సి వచ్చింది.

పీచు లేదు, మాంసకృత్తులు లేవు, మెత్తగా ఉడికిన గంజి. అది కడుపులోకి వెళ్ళిన వెంటనే చక్కెరగా మారి రక్తంలోకి దిగిపోతుంది. అన్నం మానేసి సగ్గుబియ్యం తినడం షుగర్ మనిషికి ఉపవాసం కాదు. అన్నం కంటే ఒక మెట్టు ఎక్కువే ప్రమాదం. దేవుడి పేరు మీద చేసే పని కాబట్టి ఇంట్లో ఎవరం నోరెత్తం, అదొక ఇబ్బంది.

ఆవిడ చేత ఏకాదశి మాన్పించడం నా వల్ల కాదు, నాకు ఇష్టమూ లేదు. అరవై ఏళ్ళ అలవాటు. అందుకని ఉప్మానే మార్చాను. ఎలా చేస్తానో చెబుతాను, షుగర్ లేనివాళ్ళకీ ఇలాగే బాగుంటుంది. నలుగురికి కప్పుడు సగ్గుబియ్యం చాలు. నీళ్ళు తేటగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడగాలి, ఆ పైనున్న పిండి పోకపోతే మొత్తం ముద్దయిపోతుంది. తరవాత పూసలు మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి నాలుగైదు గంటలు వదిలేయాలి. లావు పూస అయితే రాత్రంతా. ఒక పూస వేళ్ళ మధ్య నొక్కితే మధ్యలో గట్టి లేకుండా నలగాలి. నీళ్ళు మిగిలితే చిల్లుల గిన్నెలో వంపేసి కాసేపు ఆరనివ్వాలి. కప్పు సగ్గుబియ్యానికి కప్పు నిండా వేరుశనగ గింజలు. అవును, సమానంగా. దోరగా వేయించి పొట్టు తీసి, సగం బరకగా దంచి నానిన పూసలకి పట్టించాలి, సగం గింజలుగానే ఉంచాలి. మూకుట్లో కాస్త నూనె, జీలకర్ర, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు. అందులో ఇంట్లో ఉన్న కూర ముక్క ఏదైనా, ఏకాదశికి తినేదైతే చాలు. మా అత్తయ్యగారికి సొరకాయ తురుము పనికొస్తుంది, అదే దండిగా వేస్తాను. తరవాత సగ్గుబియ్యం వేసి సన్న సెగ మీద, పూస అద్దంలా అయ్యేదాకా, మూత పెట్టకుండా. మూత పెడితే ఆవిరికి బంక అవుతుంది. దించాక నిమ్మరసం. పక్కన పెద్ద కప్పుడు పెరుగు. ఆవిడ గిన్నె మార్చేశాను, చిన్నది పెట్టాను, అది ఇంకా కనిపెట్టలేదు.

తరవాతి ఏకాదశికి రెండు గంటలకి చూస్తే 205. మంచి అంకె అని నేను అనను. ఇది ఒక్క ఇంటి సంగతే, మీ ఇంట్లో డాక్టరుగారిని అడిగే చేయండి. కానీ 296కీ 205కీ మధ్య ఉన్నది మందు కాదు, వేరుశనగా సొరకాయా పెరుగూ, చిన్న గిన్నే.

కర్రపెండలం దుంప గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. చాలామంది దుంపనీ సగ్గుబియ్యాన్నీ ఒకే గాటన కట్టేస్తారు. చలికాలంలో రాజమండ్రి వైపు వెళ్తే తోపుడు బండి మీద ఉడకబెట్టిన కర్రపెండలం వేడివేడిగా అమ్ముతారు చూడండి, అది నాకు సగ్గుబియ్యం కంటే నూరుపాళ్ళు ఇష్టం. దుంపలో పీచు ఉంటుంది, పొటాషియం ఉంటుంది, పచ్చి దుంపలో సి విటమిన్ కూడా 100 గ్రాములకి 20 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఉడికిస్తే కొంత పోతుంది. మాంసకృత్తులు మాత్రం ఇక్కడా తక్కువే, ఒకటిన్నర గ్రాములకి మించవు. కొనేటప్పుడు ఒకటి విరిచి చూడండి, లోపల తెల్లగా ఉండాలి. నీలం, నలుపు చారలుంటే తవ్వి నాలుగు రోజులైనట్టు. ఇది ఇంట్లో నిలవుండే దుంప కాదు, తెచ్చిన రోజో మర్నాడో వండేయాలి.

ఇంకొకటి, ఇది భయపెట్టడానికి కాదు, జాగ్రత్తకి. కర్రపెండలాన్ని పచ్చిగా ఎప్పుడూ తినకూడదు. ఇందులో సయనైడుగా మారే పదార్థం సహజంగానే ఉంటుంది, తొక్కలో మరీ ఎక్కువ. మనకి వండుకోవడానికి దొరికే తీపి రకాల్లో తక్కువే, వండే పద్ధతిలో వండితే పోతుంది. పైన గోధుమరంగు పొరతో పాటు దాని కింద ఉండే గులాబీరంగు మందపాటి పొర కూడా ఒలిచేయాలి. ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో, మూత తీసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోయాలి. కుక్కర్లో నీళ్ళు సరిపెట్టి పెట్టేయడం దీనికి పనికిరాదు. నోటికి చేదు తగిలితే ఆ ముక్క ఊసేయండి, మొహమాటం వద్దు. ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో కరువు రోజుల్లో చేదు రకాల్ని సరిగ్గా నానబెట్టకుండా తిని, పక్కన మాంసకృత్తులు దొరక్క, కాళ్ళు పడిపోయే జబ్బు వచ్చినవాళ్ళున్నారు. దాన్ని కొంజో అంటారు. ఆ విషాన్ని ఒంట్లోంచి వదిలించుకోవడానికి కూడా మాంసకృత్తులే కావాలి. దుంపకి తోడు కావాలని నేనంటున్నది రుచి కోసం మాత్రమే కాదు.

మేము ఉడికిన దుంపకి పచ్చిమిర్చి, ఉల్లిపాయ, చింతపండు కలిపి దంచిన కారం నంజుకుంటాం. ఈ మధ్య నేను ఉడికిన ముక్కల్ని అలసందలతో కలిపి కొబ్బరి వేసి కూర చేస్తున్నాను. మా ఆయన మొదటి రోజు మొహం ముడిచారు, రెండో రోజు మిగిలిందా అని అడిగారు.

"చలువ చేస్తుంది కదండీ" అని మీలో ఎవరైనా అంటారని తెలుసు. ఎండాకాలం సగ్గుబియ్యం జావలో మజ్జిగ పోసి, ఉప్పు, జీలకర్ర పొడి వేసి తాగితే ప్రాణం లేచొస్తుంది, కాదనను. నేనూ తాగుతాను. ఆ లేచొచ్చిన ప్రాణంలో మజ్జిగదీ ఉప్పుదీ నీళ్ళదీ ఎక్కువ వాటా అని నా అభిప్రాయం. కడుపు పాడైనప్పుడు, నోటికి ఏదీ సహించనప్పుడు ఒకటి రెండు రోజులు జావ మంచిదే. తేలిగ్గా దిగుతుంది, కాస్త శక్తి ఇస్తుంది. మూడో రోజు కూడా అదే పెడుతున్నామంటే మాత్రం ఆగి ఆలోచించాలి. మా ఇంట్లో మావయ్యగారు ఆపరేషన్ అయి వచ్చినప్పుడు మూడు వారాలు జావ మీదే ఉంచాం, పుండు మానడానికి ఏం కావాలో ఒక్కరం ఆలోచించలేదు. పెద్దాయన పోయింది ఆ జావ వల్లనని నేను అనను, వయసుంది, జబ్బుంది. కానీ ఆ మూడు వారాలూ గుడ్డో, పప్పుకట్టో, పెరుగో పెట్టి ఉండొచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ప్రేమగా చెంచాతో తాగించాను. ప్రేమలో లోటు లేదు, చెంచాలో ఉన్నదే లోటు.

వడియాల మాట అంటారా? అవి ఎవరూ బలం కోసం తినరు, కాబట్టి నా వాదన వాటి జోలికి రాదు.

ఇక మా అమ్మాయికి ఏం చెప్పాలి? "డాక్టరమ్మ చెప్పింది నిజం, మీ అత్తగారిది తప్పు" అనడం నాకు చాలా సులువు. ఫోన్ పెట్టేస్తే అయిపోతుంది. కానీ ఆ ఇంట్లో రేపు పొద్దున ఎదురెదురుగా కూర్చుని టిఫిన్ తినాల్సింది వాళ్ళిద్దరూ. పైగా ఆవిడ చేసిన తప్పే నేనూ చేశాను, నాకు చెప్పే హక్కెక్కడిది? ఆవిడ ముగ్గురు పిల్లలు అదే తాగి పెరిగారంటే అబద్ధమేమీ కాదు. ఆ రోజుల్లో ఏడాది దాటినా తల్లిపాలు ఇచ్చేవారు, జావ పైపైన. ఇప్పుడు మా అమ్మాయి ఉద్యోగంలో చేరిపోయింది, పాలు తగ్గాయి, జావ అసలైపోయింది. మారింది జావ కాదు, పక్కనున్న తోడు పోయింది. డాక్టరమ్మ ఈ ముక్క ఇంకో రెండు నిమిషాలు వెచ్చించి ఆవిడతోనే చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. పిల్లని పొద్దస్తమానం ఎత్తుకునే మనిషిని వదిలేసి, ఆఫీసుకి పరిగెత్తే తల్లికి చెబితే ఏం లాభం?

అందుకని వియ్యపురాలికే ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలయ్యాక, "వదినగారూ, నేనూ మీ కోడలికి ఇదే తాగించి దాని బరువు పోగొట్టానండీ" అని మొదలుపెట్టి టీచర్‌గారి కాగితం కథంతా చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత, "పప్పు పెడ్తె అరగదేమో అని భయమైంది వదినా, గందుకే జావ కాసిన" అన్నారు. ఆ భయం నాకూ ఉండేది. పెసరపప్పు మెత్తగా ఉడికిస్తే అరుగుతుందని, అన్నంతో కలిపి మెదిపి నెయ్యి వేయమని చెప్పాను. ఏడాది దాకా పంచదారా ఉప్పూ వద్దని, రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టిస్తే ఆ జావ పలచగా వస్తుంది కాబట్టి పిండి ఎక్కువ పడుతుందని, మెదిపిన అరటిపండు, ఉడికించిన గుడ్డు కొంచెం కొంచెంగా అలవాటు చేయొచ్చని కూడా చెప్పాను. ఆవిడకి రాగుల సంగతి నాకంటే బాగా తెలుసు. మొలక ఎన్ని గంటలు కట్టాలో ఆవిడే నాకు చెప్పారు.

చివర్లో, "మరి సాబుదాన డబ్బ నిండ ఉన్నది, ఏం జెయ్యాలె?" అన్నారు. కిచిడీ చేయమన్నాను, పల్లీలు సమానంగా వేసి. మా అమ్మాయికీ అల్లుడికీ సాయంత్రం బోబా టీ పేరుతో గ్లాసుకి బోలెడు డబ్బులు పోసి తాగే అలవాటు ఉంది. అందులో నల్లగా నమిలేవి కూడా ఈ కర్రపెండలం పిండి ఉండలే అని చెబితే ఆవిడ పడీ పడీ నవ్వారు.

నిన్న ఫొటో పంపించారు. పాప మూతి నిండా పసుపుపచ్చ పప్పు, చొక్కా మీద సగం, నేల మీద సగం. వచ్చే మంగళవారం మళ్ళీ బరువు తూచడానికి తీసుకెళ్తున్నారు. ఈసారి అత్తగారిని కూడా వెంట రమ్మన్నానని మా అమ్మాయి మెసేజ్ పెట్టింది.